బొంతకు చీరలేవి?

పోయిన ఆదివారం నగరంలో ఒక చేతిపనుల ప్రదర్శనకు వెళ్తే అక్కడ బొంత కనిపించింది. తాడు మీద ఆరేసి, మూలకి ధర చీటీ గుచ్చారు. అయిదు వేలకు కాస్త తక్కువ. నాకు కోపం వచ్చింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పట్టుదల తెలిసిందే. ఇంట్లో పుట్టేదాన్ని బజారు నుంచి తేకూడదు. విస్తళ్ల గురించి రాసినా, వడియాల గురించి రాసినా, ఉట్టి గురించి రాసినా చివరికి అక్కడికే వచ్చి ఆగాను. మీలో కొందరు ఉత్తరాలు రాసి నాతో పోట్లాడారు కూడా. ఇంట్లో పుట్టేవాటిలో మొదటి పేరు బొంతది. కట్టి విడిచిన చీరలు, ఇంటి ఆడవాళ్ల చేతులు, వేసవి మధ్యాహ్నాలు కలిస్తే బొంత. అందులో డబ్బు పెట్టి కొనేది సూదీ దారమూ మాత్రమే. దానికి వేలల్లో ధరేమిటి?

ఆ కోపంలోనే తిరగేసి చూశాను. కుట్టు బాగుంది. వరుసకీ వరుసకీ మధ్య వేలెడు ఎడం, ఎక్కడా వంకర పోలేదు. పై పొరా కింది పొరా మాత్రం పాత నేత చీరలు. మధ్యలో తడిమితే గంజి వదలని కొత్త గుడ్డ బిరుసుగా తగిలింది. అడిగితే అమ్మే ఆవిడ దాచలేదు. "పాత నూలు చీరలు ఎక్కడ దొరుకుతున్నాయమ్మా? ఊరంతా తిరిగితే రెండో మూడో. లోపల తాను గుడ్డ పెట్టక తప్పట్లేదు" అంది. ఈ వారమంతా ఆ మాటే మనసులో మెదులుతోంది.

మా ఊళ్లో బొంతలకి ఒక కాలం ఉండేది. వరి మాసూళ్లయి, ఆ మాగాణిలోనే చల్లిన మినుములు కూడా పీకి ఇంటికి చేర్చాక, తొలకరి పడేలోగా. మా పెద్దత్తయ్య అటక మీద నుంచి చీరల మూట దింపించేది. వసారా ముందు పందిరి కింద అలికిన నేల మీద చాప పరిచి మూట విప్పితే, ఏళ్ల తరబడి ఇంట్లో ఎవరెవరు ఏమేం కట్టారో అంతా బయటపడేది. "ఇది మీ అమ్మ నిన్ను కన్నప్పుడు పెట్టిన చీర", "ఇది చీరాల నుంచి మూట నెత్తిన పెట్టుకుని వచ్చే నేతాయన దగ్గర వాయిదాల మీద తీసుకున్నది" అంటూ ఒక్కోటీ చేతిలోకి తీసుకునేది. కథ చెబుతూనే చీరను రెండు చేతులా పట్టి వెలుగుకి ఎత్తేది. పలచబడిన చోట పందిరి సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా కనబడేది. ఆ చుక్కలని బట్టి మూడు కుప్పలు. గట్టిగా ఉన్నవి పైకీ కిందకీ. చిరుగులు పడ్డవి లోపలికి. పలచనై, చేతిలో పట్టుకుంటే వేళ్ల మధ్యనుంచి జారిపోయేంత మెత్తనైనవి పొత్తిళ్లకి. మా తాతయ్య పంచెలన్నీ ఆ మూడో కుప్పలోకే వెళ్లేవి. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా ఆయన పంచెలోనే మొదటి నిద్ర పోయింది.

తర్వాత అంచులు కోసేది. నేత చీర అంచు ఒత్తుగా ఉంటుంది, లోపల పడితే పడుకున్నవాళ్ల వీపుకి గట్టులా తగులుతుంది. అలా కోసిన అంచుల్ని పారేసేది కాదు. బొంత నాలుగు పక్కలా మడిచి కుట్టడానికి అవే పట్టీలు. రంగు దిగే చీరనుకుంటే కొంగు మూల తడిపి తెల్లగుడ్డకి రుద్ది చూసేది. పొరలు పరిచేటప్పుడు అన్ని చీరల పడుగూ ఒకే వైపుకి ఉండాలనేది. అడ్డదిడ్డంగా పరిస్తే ఉతికినప్పుడు ఒక్కో పొర ఒక్కో వైపుకి లాగి బొంత ముడుచుకుపోతుందట. ఆవిడ ఏ బడిలోనూ చదువుకోలేదు. ఈ తెలివి ఎక్కడిదని అప్పుడు అడగాలని మాకు తోచలేదు.

పొరలు జరక్కుండా నాలుగు మూలలా మమ్మల్ని, అంటే పిల్లల్ని, కూర్చోబెట్టేది. ముందు జానెడేసి కచ్చా కుట్లు. అవి పడ్డాక మాకు విడుదల. తర్వాత పెద్దత్తయ్య ఒక కొసన, మా అమ్మ ఒక కొసన కూర్చుని ఎదురెదురుగా కుట్టుకుంటూ వచ్చేవాళ్లు. ఎనిమిది పొరల్లోంచి సూది దిగాలంటే మాటలు కాదు. చూపుడు వేలికి గుడ్డ పీలిక చుట్టుకుని, సూదిని తలలో ఒకసారి రాసి, ఆ నూనె జిడ్డుతో పొడిచేది. నాలుగైదు కుట్లు సూదికి ఎక్కించి ఒక్కసారి లాగితే దారం సర్రుమనేది. ఆ చప్పుడు ఆగిందంటే మాటల్లో ఏదో గొడవ మొదలైందని మాకు తెలిసేది. ఇంటి సంగతులన్నీ ఆ బొంత మీదే తేలేవి. ఎవరికి సంబంధం చూడాలి, ఏ గేదె ఎప్పుడు ఈనుతుంది, ఎవరి అప్పు ఎవరు తీర్చాలి. మగవాళ్లు అరుగు మీద చెప్పుకునేదానికంటే ఇక్కడ తీర్మానాలు తొందరగా అయ్యేవి.

చీర అయిదున్నర మీటర్ల పొడవు, సుమారు మీటరూ పదిహేను సెంటీమీటర్ల పన్నా. సగానికి మడిస్తే ఒక మనిషి పడుకునేంత రెండు పొరలు. నాలుగు చీరలకి ఎనిమిది పొరలు. నేల మీద వేసుకోడానికి అది సరిపోతుంది. కప్పుకోడానికైతే రెండు చీరలు చాలు. దూది పెట్టేదాన్ని బొంత అనరు. దూది ఏకి పరుపులు కుట్టించుకోవాలంటే దూదేకులవాళ్లు రావాలి, దానికి డబ్బు కావాలి. బొంతకి ఇంటి బయటి మనిషి అక్కర్లేదు.

ఆ చీరలన్నీ ఎక్కడికి పోయాయి? నాకు ఉత్తరాలు రాసే పెద్దావిడల్లో చాలామంది తప్పు కోడళ్ల మీదకి నెడతారు. ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు, సూది పట్టుకోవడం రాదు, ఫోను తప్ప ఇంకేమీ తెలియదు అని. నేనది ఒప్పుకోను. ఏ పల్లెకైనా వెళ్లి చూడండి. ఇంటర్ చదివిన అమ్మాయిలు చట్రానికి గుడ్డ బిగించి, మెడ వంచి, ఒక్కొక్క పూస గుచ్చుతూ జాకెట్లకి మగ్గం వర్క్ చేస్తున్నారు. ఒక్క జాకెట్టు చేతుల మీద రోజుల తరబడి కూర్చునే వేళ్లకి బొంత కుట్టు ఏపాటి పని? చేతులు ఎక్కడికీ పోలేదు. పోయింది గుడ్డ.

డెబ్బయిల్లో నైలెక్స్ చీరలు ఊళ్లలోకి వచ్చాయి. తర్వాత పాలిస్టర్ వచ్చింది, మరి వెనక్కి వెళ్లలేదు. నాట్లకి వెళ్లే ఆడమనిషికి పాలిస్టర్ చీర ఎందుకు నచ్చిందో అర్థం చేసుకోవాలి. బురదలో తడిసినా గంటలో ఆరుతుంది. గంజి అక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు, ముళ్లకంచెకి తగిలినా అంత తేలిగ్గా చిరగదు, మూడు వందలకి వస్తుంది. మంగళగిరి ఎనభయ్యో నంబరు నూలు చీర కావాలంటే వెయ్యికి పైనే. 2017 నుంచి 2023 దాకా తెలంగాణ ప్రభుత్వం ఏటా దాదాపు కోటి మందికి పంచిన బతుకమ్మ చీరల్లో చాలామటుకు సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పాలిస్టర్ చీరలే. ఆ పని సిరిసిల్లలో ఎన్నో ఇళ్లకి కూడు పెట్టింది. దాన్ని నేను కాదనను.

కానీ పాలిస్టర్ చీరతో బొంత రాదు. పొర మీద పొర నిలవదు, జారిపోతుంది. కచ్చా కుట్లు వేసినా మధ్యలో ఉబ్బుతుంది. ఎలాగో కుట్టినా దాని మీద నిద్ర పట్టదు. నూలు గాలిలోని తేమని తన బరువులో 8 శాతానికి పైగా పట్టి ఉంచుతుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. జ్యేష్ఠమాసపు రాత్రి ఉక్కలో ఒంటి చెమట ఎక్కడికి పోవాలి? ఇక పాలిస్టర్ చీర ఎన్నాళ్లు కట్టినా మెత్తబడదు. వంద ఉతుకులు తిన్నాకే నూలు చీర బొంతకి పనికొచ్చేంత మెత్తనవుతుంది. చీర బతికున్నన్నాళ్లూ బొంత తయారవుతూనే ఉంటుందని పెద్దత్తయ్య అనేది.

అలాగని పల్లె ఇల్లు పాలిస్టర్ ముందు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఈమధ్య పొలాల మీదుగా వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. వేరుశనగ చేల చుట్టూ, మొక్కజొన్న చేల చుట్టూ కర్రలు పాతి పాత చీరలు బారుగా కడుతున్నారు. అడవి పందులు లోపలికి రాకుండా. ఎర్రవీ, నీలివీ, పువ్వులవీ, గాలికి ఊగుతూ ఉంటాయి. ఎండకీ వానకీ ఒక పంటకాలం నిలుస్తాయి, నూలు చీరైతే అంత కాలం నిలవదు. పాత చీరల్ని పీలికలుగా చించి పేని, నులకకి బదులు మంచాలు అల్లుతున్నారు. దూడకి పలుపు, గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా, ఊయల తాడు, అన్నీ అవే. మా తరం నూలుతో ఎలా బతికిందో వీళ్లు పాలిస్టర్‌తో అలా బతుకుతున్నారు. చేతికందిన గుడ్డ దేనికి పనికొస్తుందో కనిపెట్టే తెలివి ఆ ఇళ్లలో అలాగే ఉంది. ఊళ్లో బొంతలు లేవని బాధపడుతూ వెళ్లిన నాకు ఆ చేల కంచె చూశాక మనసు తేలికపడింది.

ఇక ఆ ధర సంగతి. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. మీటరూ పదిహేను పన్నాకి రెండు సెంటీమీటర్ల ఎడంతో వరుసలు వేస్తే 57 వరుసలు. ఒక్కో వరుస రెండూ ముప్పావు మీటర్లు. మొత్తం 157 మీటర్ల చేతికుట్టు. ఎనిమిది పొరల్లోంచి గంటకి మూడు మీటర్లు కుట్టగలిగితే అది మంచి చేయి. అంటే యాభై గంటలు దాటుతుంది, రోజుకి ఎనిమిది గంటల లెక్కన దాదాపు ఏడు రోజుల పని. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకి రూ.307. మట్టి తవ్వే కూలి లెక్కన చూసినా కుట్టుకే రెండు వేల పైచిలుకు వస్తుంది. బొంత కుట్టడానికి నేర్పు కావాలి, దానికి మేస్త్రీ కూలి కట్టాలి. కట్టి, గుడ్డ ఖర్చూ, దారం ఖర్చూ, ఊరి నుంచి నగరానికి రానూపోనూ ఛార్జీలూ కలిపితే ఆ చీటీ మీది ధరకి వచ్చి ఆగుతుంది. ఉత్తర కన్నడలో సిద్దీ ఆడవాళ్లు ఇలాగే పాత గుడ్డలతో కుట్టే కవందిలని దేశవిదేశాల్లో కళాఖండాలుగా కొంటున్నారు. మన ఆవిడ అడిగింది కూలి డబ్బులే.

మరి పెద్దత్తయ్య కుట్టిన బొంతలు? పుట్టింటివాళ్లకీ, అత్తింటివాళ్లకీ, పురిటికి వచ్చిన ప్రతి ఆడపిల్లకీ ఒక్కోటి ఇచ్చింది. ఆ గంటలు ఎవరూ ఎక్కడా రాయలేదు. వడ్ల బస్తాల లెక్క గోడ మీద బొగ్గుతో రాసేవారు, పాల లెక్క పుస్తకంలో ఉండేది. ఆవిడ ఏడు రోజులకి మాత్రం ఏ గోడ మీదా గీత లేదు. ఇంట్లో పుట్టేదాన్ని కొనకూడదని నేను ఇన్నేళ్లు రాసింది ఆ గీతలు లేని గోడలు చూసే. బొంత విషయంలో ఆ మాట ఇక చెల్లదని ఈ వారం నేను తేల్చుకున్నాను. పెద్ద బొంత కావాలనుకుంటే కొనుక్కోండి, బేరం ఆడకండి. మీ దగ్గర నేత చీరలుంటే స్టీలు గిన్నెకి ఇచ్చేయకుండా దాచి, కుట్టేవాళ్లకి ఇవ్వండి. వాళ్లకి కావలసింది అదే.

చంటిబిడ్డ బొంత మాత్రం ఇంట్లోనే కుట్టాలని ఇప్పటికీ నా పట్టు. దానికి ఒక్క చీర చాలు. బాగా కట్టి వదిలేసిన నూలు చీర తీసుకోండి. అంచులు కోసేయండి, గంజి పూర్తిగా పోయేదాకా ఉతికి ఎండలో ఆరేయండి. ముక్కలు చేయకుండా పొడవునా తొంభై సెంటీమీటర్లకి ఒక మడత చొప్పున మడుచుకుంటూ పోతే ఆరు పొరలొస్తాయి. కచ్చా కుట్లు వేశాక వరుసలు మొదలుపెట్టండి. దారం తెల్ల నూలుదే వాడండి, రంగు దారం మంచిది కాకపోతే బిడ్డ తడిపినప్పుడు దిగుతుంది. నెలలు నిండేలోగా, పనుల మధ్య దొరికిన తీరికలో కుట్టుకోవచ్చు. దారం అయిపోయిన ప్రతిచోటా ముడిని పొరల మధ్యకి లాగేయండి. పైన వదిలితే పడుకున్న బిడ్డ వీపుకి ఒత్తుకుంటుంది.