తోకే పిడి, తలే మూత

టీ పోయడానికి పొట్ట, కొమ్ము, పిడి ఉంటే చాలు. విక్టోరియా కాలపు ఇంగ్లండ్ పనివాళ్లకు అది చాల్లేదు. స్టోక్‌లోని మింటన్ కార్ఖానా చేసిన కోతి టీపాట్ చూడండి: కొబ్బరికాయను వాటేసుకున్న కోతి; మెలి తిరిగిన తోకే పిడి, తలే మూత!

1851 లండన్ మహా ప్రదర్శనలో మింటన్ ఇలాంటి రంగుల మట్టిసామాన్లను మజోలికా పేరుతో లోకానికి చూపింది. వాటి రంగుల వెనక బుర్ర ఫ్రెంచి నిపుణుడు లియోన్ ఆర్నూది. అచ్చుల్లో తీసిన మట్టి బొమ్మను కాల్చి, సీసం కలిసిన రంగు గ్లేజులు పూసి మళ్లీ కాల్చేవారు. గ్లేజు పల్లాల్లో చిక్కబడి, మిట్టల మీద పలచబడి, బొమ్మకు వెలుగునీడలు తానే దిద్దేది.

1882లో రాయల్ వూస్టర్ అనే మరో కార్ఖానా ఇంకో అడుగు ముందుకేసింది. దాని టీపాట్‌కు ఒకవైపు పొద్దుతిరుగుడు పువ్వుతో కుర్రాడు, తిప్పితే లిల్లీతో అమ్మాయి. నడుం మీద చెయ్యి పిడి, వాలిన మణికట్టు కొమ్ము. ఆస్కార్ వైల్డ్ తరహా సౌందర్యారాధకులకు అదొక చురక.

సేకరించాలనుకుంటే ముందు బోర్లించి చూడండి. వజ్రాకారపు ముద్ర ఉంటే ఆ డిజైను 1842-1883 మధ్య నమోదైందని అర్థం. తయారైన ఏడాది అదే కానక్కర్లేదు. కొమ్ము కొస, మూత అంచు వేలితో తడమండి. అతుకులు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి. మజోలికా అయితే కళ్లారా చూసుకోండి గానీ, అందులో టీ మాత్రం పోయకండి. గ్లేజులో సీసం ఉంది.