ఒక్కచోటే పట్టుకునే ఓకేటీ4

రక్తంలోని రెండు టి కణాలను మైక్రోస్కోపు కింద పక్కపక్కన చూడండి. ఒకటి తోటి రక్షక కణాలను పనిలోకి దించే సహాయక కణం. రెండోది వైరస్ సోకిన కణాన్ని వెతికి చంపేది. ఎంత రంగు వేసినా, ఎంత పెద్దగా చేసి చూసినా రెంటికీ తేడా కనపడదు. ఆ తేడాను పసిగట్టిన తొలితరం పనిముట్లలో ఒకటి ఓకేటీ4 అనే యాంటీబాడీ. న్యూజెర్సీలోని ఆర్థో ఔషధ సంస్థలో పాట్రిక్ కుంగ్, గిడియన్ గోల్డ్‌స్టీన్ దీన్ని తయారుచేసి, బోస్టన్‌లోని రైన్‌హెర్జ్, ష్లాస్‌మన్‌లతో కలిసి 1979లో ప్రకటించారు.

దాని పుట్టుకలోనే చాలా పనితనం ఉంది. మనిషి టి కణాలను ఎలుకకు ఎక్కిస్తే, అవి పరాయివని గుర్తించిన ఎలుక ఒంట్లో రకరకాల యాంటీబాడీలు తయారవుతాయి. పూర్వం ఆ రక్తం నుంచి సీరమ్ తీసి వాడుకునేవారు. సీరమ్ అంటే ఊరి పంచాయితీ: తలా ఒక మాట అంటారు, ఇవాళ కూర్చున్నవాళ్లు రేపు ఉండరు. ఒకే మాట, ఎప్పటికీ అదే మాట చెప్పేది కావాలంటే ఒకే ఒక్క కణాన్ని పట్టుకుని దాని సంతతినే పెంచాలి. కానీ యాంటీబాడీ తయారుచేసే కణం ఎలుక ఒంట్లోంచి బయటికి వస్తే కొద్దిరోజులకే చచ్చిపోతుంది. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ దాన్ని చావెరుగని క్యాన్సర్ కణంతో కలిపేసి ఆ చిక్కు విప్పారు. 1984లో వారికి నోబెల్ కూడా వచ్చింది.

కలపడం ఒక ఎత్తు, కలిసినవాటిని ఏరడం ఇంకో ఎత్తు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ ఏరివేతే. డీఎన్ఏకి కావలసిన ముడిసరుకును కణం రెండు దారుల్లో సంపాదించుకుంటుంది: మొదటినుంచీ సొంతంగా తయారుచేసుకోవడం ఒకటి, ఉన్నదాన్ని తిరిగి వాడుకోవడం ఇంకొకటి. క్యాన్సర్ కణాల్లో రెండో దారి ముందే మూసుకుపోయిన రకాన్ని ఎంచుకుంటారు. తర్వాత ఎమినోప్టెరిన్ అనే మందు వేసి మొదటి దారినీ మూసేస్తారు. దాంతో ఒంటరి క్యాన్సర్ కణాలు చస్తాయి. ఒంటరి ఎలుక కణాలకు రెండో దారి ఉన్నా ఆయుష్షు లేదు. ఎలుక కణం నుంచి ఆ దారి, క్యాన్సర్ కణం నుంచి ఆయుష్షు, రెండూ అందుకున్న జంట కణమే మిగులుతుంది. చేత్తో ఒక్కటీ ఏరనక్కర్లేదు. ఆ ఎమినోప్టెరిన్ ఎవరిదనుకున్నారు? 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందానిది. పసిపిల్లల ల్యుకేమియా కోసం సిడ్నీ ఫార్బర్ వాడి చూసిన మందు అది. హైబ్రిడోమాలనే ఈ జంట కణాలు పుట్టేనాటికి సుబ్బారావు కన్నుమూసి పాతికేళ్లు దాటింది.

మిగిలిన కణాలను గుంటకు ఒకటి చొప్పున ప్లాస్టిక్ ట్రేల్లో పెంచి, ఏది దేన్ని పట్టుకుంటుందో ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. ఇది ఓపికతో చేసే పని, చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. చివరికి చేతికొచ్చే యాంటీబాడీ వై ఆకారంలో ఉంటుంది, బరువు సుమారు 1,50,000 డాల్టన్లు. పట్టు మాత్రం రెండు చేతుల కొసల్లోనే, ఒక్కో కొసన ఆరు చిన్న మెలికల్లో. దానికి మెరిసే రంగు తగిలించి రక్తంలో కలిపి, కణాలను వరసగా లేజర్ ముందు నడిపిస్తే సెకనుకు వేల కణాలను యంత్రం లెక్కపెడుతుంది. ఈ పనికి బాగా వాడే ఫైకోఎరిత్రిన్ ఎర్రటి నాచు నుంచి తీసిన ప్రోటీన్. దాని బరువు సుమారు 2,40,000 డాల్టన్లు. అంటే మోసేదానికన్నా మూటే బరువు, అయినా పట్టు సడలదు.

ఓకేటీ4 పట్టుకునే అణువును ఇప్పుడు సీడీ4 అంటున్నాం. ఎయిడ్స్ పుణ్యమా అని ‘సీడీ4 కౌంట్’ అన్నమాట మన ఊళ్లలోనూ తెలియనివారు తక్కువ. 1981లో లాస్ ఏంజెలెస్‌లో గాట్లీబ్ బృందం తొలి రోగుల రక్తంలో సహాయక కణాలు దాదాపు మాయమయ్యాయని గుర్తించింది. వారు వాడింది ఓకేటీ4ను కాదు, దాని పోటీదారు ల్యూ-3ని. రెండూ పట్టుకునేది ఒకే అణువును, పట్టుకునే చోటు మాత్రం వేరు. సీడీ4 అణువు కణం పైకి నాలుగు అంచెలుగా నిలబడి ఉంటుంది. హెచ్ఐవీ దిగేది కణానికి ఎడంగా కొసన ఉన్న మొదటి అంచె మీద. ల్యూ-3 రకానికి చెందిన ల్యూ-3ఏ, ఆర్థోవారిదే అయిన ఓకేటీ4ఏ అక్కడే పట్టుకుంటాయి కనుక వైరస్‌కు చోటు దొరకదు. ఓకేటీ4 పట్టు మూడో అంచె మీద. వైరస్ ప్రోటీన్ పైన అతుక్కున్నా ఇది కింద నింపాదిగా పట్టుకోగలదు. ఈ తేడా వల్లే పరిశోధకులకు రెండు విధాలా లాభం కలిగింది: ఒక రకంతో వైరస్‌ను అడ్డుకుని సీడీ4 దాని ద్వారమని చూపారు, ఓకేటీ4తో సీడీ4నూ దాన్ని అంటిపెట్టుకున్న వైరస్ ప్రోటీన్‌నూ కలిపి బయటికి లాగారు.

ఇంత కచ్చితమైన పట్టుకు ఒక ఖరీదు ఉంది. కొందరి రక్తంలో ఓకేటీ4తో లెక్కపెడితే సహాయక కణాలు సున్నా అని తేలుతుంది. ఎక్కువగా ఆఫ్రికా మూలాలున్నవారిలో కనిపించే సంగతి ఇది. వారికి ఏ జబ్బూ లేదు, కణాలూ నిక్షేపంగా ఉన్నాయి. సీడీ4లోని నాలుగువందల పైచిలుకు ఎమైనో ఆమ్లాల్లో 240వ స్థానంలో ఆర్జినిన్‌కు బదులు ట్రిప్టోఫాన్ ఉంది, అంతే. సరిగ్గా ఆ ఒక్కచోటనే ఓకేటీ4 చూపు. దీన్ని లోపమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. నాలుగు అంచెల అణువులో ఒక్క కణిక మారితే పసిగట్టే పరికరాన్ని ఎలుక ప్లీహం చేసిందంటే ముందు చేతులు జోడించాలి, ఆ తర్వాతే ఫిర్యాదు. అందుకే తెలిసినవాళ్లు సీసా మీద ‘సీడీ4’ అని చూసి ఊరుకోరు. పక్కన క్లోన్ పేరు, అంటే ఆ యాంటీబాడీ ఏ కణం సంతతి నుంచి వచ్చిందో చదువుతారు. సున్నా వచ్చినప్పుడు వేరే చోట పట్టుకునే మరో క్లోన్‌తో అదే రక్తాన్ని మళ్లీ నడిపిస్తారు.