అతుకు ఎక్కడుంది? డిజిటల్ శిల్పంలో మిశ్రమ జీవి, తోటి కళాకారుల విమర్శ

ఈ పాఠంలో మీ ముందున్న వస్తువు కంప్యూటర్‌లో మలిచిన ఒక జంతువు. అది ప్రకృతిలో లేదు. రెండు మూడు నిజమైన జంతువుల అవయవాలు కలిపి, ఒకే ప్రాణిగా నిలబెట్టిన రూపమది. దీన్ని మిశ్రమ జీవి అందాం. విమర్శ పాఠాల్లో ఇప్పటిదాకా మీరు పూర్తయిన రచనలనే చదివి తీర్పు చెప్పారు. ఇక్కడ పరిస్థితి వేరు. డిజిటల్ శిల్పాన్ని సగంలో ఉండగానే నలుగురికీ చూపిస్తారు. వాళ్ళు అన్న మాట మర్నాటికి శిల్పంలో కనిపిస్తుంది. రాతిలో ఒకసారి ఎగిరిపోయిన పెచ్చు తిరిగి రాదు. కంప్యూటర్‌లో నిన్నటి రూపాన్ని మళ్ళీ తెరిచి, అక్కడి నుంచి మరో దారిలో వెళ్ళవచ్చు. అందుచేత విమర్శకుడి బాధ్యత కొంచెం పెరుగుతుంది. అతని మాట వల్ల పని బాగుపడవచ్చు, చెడిపోనూ వచ్చు.

ఇటువంటి రూపాలు మనకు కొత్త కాదు. షాద్‌నగర్ నుంచి కర్నూలు వైపు వెళ్ళే రైలెక్కి ఆలంపురం రోడ్ స్టేషన్లో దిగితే, నవబ్రహ్మ ఆలయాలు దగ్గరే. బాదామి చాళుక్యుల కాలపు ఆ గుడుల గోడలమీది గూళ్ళ పైభాగంలో మకరాలను వెతకండి. మకరానికి మొసలి నోరు, ఏనుగు తొండాన్ని తలపించే ముక్కు ఉంటాయి. వెనక భాగానికి వచ్చేసరికి ఒళ్ళు ఆకుల తీగలా విచ్చుకుపోతుంది. శిల్పికి అక్కడ ఒక చిక్కు ఎదురై ఉండాలి: ఇంత బరువైన తలకు ఎలాంటి తోక పెట్టాలి? తోకను లతగా మార్చి ఆ చిక్కును విడదీశాడు. ములుగు జిల్లా పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి చూరు కింద మదనికలతో పాటు గజవ్యాళాలు కూడా ఉన్నాయి. చాలామంది మదనికల ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు. వ్యాళాల దగ్గర కూడా కాసేపు ఆగండి. సింహం, ఏనుగు కలిసిన ఆ ఊహాజంతువుల్లో ఒకటి ఎక్కడ ముగిసి రెండోది ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించడం తేలిక కాదు.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి ఒడిశాలో ఉంది. 15వ శతాబ్దంలో సరళాదాసు రాసిన ఒడియా మహాభారతంలో శ్రీకృష్ణుడు అర్జునుడికి నవగుంజరం అనే రూపంలో కనబడతాడు. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహపు నడుము, పాము తోక. కాళ్ళు వేర్వేరు జంతువులవి, ఒకటి మాత్రం మనిషి చెయ్యి. ఆ పటాలు గీసేవారు అతుకులను దాచరు. మీరు తొమ్మిది జంతువులనూ లెక్కపెట్టుకోవాలి. ఆ మనిషి చేతిని చూసే అర్జునుడు విల్లు దించుతాడు. అతుకు కనిపించకపోతే కథే లేదు. కాబట్టి ‘అతుకు తెలుస్తోంది’ అన్న మాట మకరం విషయంలో తప్పు పట్టడం అవుతుంది, నవగుంజరం విషయంలో మెచ్చుకోలు అవుతుంది. విమర్శ మొదలుపెట్టే ముందు, ఎదురుగా ఉన్నది ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుందో తేల్చుకోండి. అది తేల్చకుండా ఇచ్చే సలహాల్లో ఎక్కువ భాగం వృథా.

మన కాలపు ఉదాహరణకు తెలుగు సినిమానే తీసుకుందాం. ఎస్.ఎస్. రాజమౌళి తీసిన ‘ఈగ’ 2012 జులైలో విడుదలైంది. అందులో ఈగ బొమ్మను హైదరాబాద్‌లోని మకుట విఎఫ్ఎక్స్ సంస్థ తయారుచేసింది. పైకి అది ఒక్క జంతువే. కానీ నా ఉద్దేశంలో అది కూడా మిశ్రమ జీవే: ఒళ్ళు ఈగది, పగ మనిషిది. మొదట వచ్చిన రూపం దర్శకుడికి నచ్చలేదు. పని మళ్ళీ మొదటికి వచ్చింది. నిజమైన ఈగను సీసాలో పెట్టి, ఫ్రిజ్‌లో చల్లబరచి, కదలిక ఆగాక మాక్రో లెన్స్‌తో ఫోటోలు తీశారు. ఆ ఫోటోల్లో ఉన్నది ఉన్నట్టు వాడలేదు. తెరమీద చూడబుద్ధయ్యేలా ముఖంలో మార్పులు చేశారు. మట్టితో ఒక తల నమూనా చేసి, దాన్ని ఎదురుగా పెట్టుకుని పీట్ డ్రేపర్, ఆయనతో పాటు రూపకల్పన చేసేవారు, మోడల్ చేసేవారు, వెంట్రుకల పని చేసేవారు, ఎముకల కట్టు అమర్చే రిగ్గింగ్ వాళ్ళు, యానిమేటర్లు కలిసి ఈగను తయారుచేశారు.

ఇక్కడ ఒక అడ్డంకి వచ్చింది. ఈగ ముఖంలో ఎక్కువ భాగం కళ్ళే. వాటికి రెప్పలు లేవు, పైన కనుబొమలు లేవు. కోపం ఎక్కడ చూపిస్తారు? ఒక సులువైన దారి ఉంది: మనిషి కళ్ళు, పెదవులు అతికించేయడం. పిల్లల కార్టూన్లలో రోజూ జరిగే పనే అది. వీళ్ళు ఆ దారి పట్టలేదు. భావాన్ని ముఖం నుంచి ఒంటికి మార్చారు. 1986లో పిక్సార్ తీసిన ‘లక్సో జూనియర్’ అనే చిన్న చిత్రంలో కళ్ళూ నోరూ లేని బల్లదీపం మెడ వంచి, ఎగిరి, తల దించుకుని అన్నీ చెప్పేస్తుంది. రాజమౌళి దాన్ని నమూనాగా చూపించారు. ‘ఈగ’లో కన్నీటితో అక్షరాలు రాసి ఈగ తానెవరో చెప్పే చోట గమనించండి. అక్కడ కదులుతున్నవి ఈగ కాళ్ళు, రాస్తున్నవాడు మనిషి. అతుకు బొమ్మ ఆకారంలో లేదు, చేష్టలో ఉంది. ఈ సినిమా 60వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో స్పెషల్ ఎఫెక్ట్స్‌కు బహుమతి పొందింది. నన్నడిగితే, ఈగకు కళ్ళద్దాలు తొడిగిన సన్నివేశాల కన్నా ఏ సరంజామా లేకుండా వట్టి కాళ్ళతో పగ చూపిన సన్నివేశాలే బలమైనవి. మీరు ఒప్పుకోనక్కరలేదు, కాకపోతే కారణం చెప్పాలి.

ఇప్పుడు పని మీ చేతుల్లోకి తెచ్చుకుందాం. మీరు షాద్‌నగర్‌లో ఉన్నారు, బ్లెండర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక జీవిని మలుస్తున్నారు అనుకోండి. పొట్టేలు తల, ఉడుము ఒళ్ళు. రెండూ మన ప్రాంతంలో ఎరిగినవే. గుండ్రటి ముద్దతో మొదలుపెట్టి, గ్రాబ్ బ్రష్‌తో లాగి మెడ, నడుము, తోక తీశారు. కొమ్ముల మీద గీతలు, వీపు మీద పొలుసులు కూడా చెక్కేసి నలుగురు స్నేహితులకు పంపారు.

మొదటి జవాబు: ‘సూపర్ ఉంది.’ దీనికి సంతోషించండి, అంతకు మించి చేయగలిగింది లేదు. రెండవది: ‘పొలుసులు ఇంకా వివరంగా ఉండాలి.’ ఈ మాట నిజం కావచ్చు, కానీ ఇప్పుడు చెప్పాల్సినది కాదు. పెద్ద ఆకారం కుదరకముందే చర్మం చెక్కితే, రేపు మెడ మార్చాల్సి వచ్చినప్పుడు ఆ చెక్కిందంతా పోతుంది. పోతుందనే భయంతో మెడ మార్చడమే మానేస్తారు. కొత్తవారి శిల్పాలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. మూడవ స్నేహితుడు బొమ్మనంతా నలుపు చేసి, నీడలాగా తిరిగి పంపి, ‘ఇది గొర్రెలా ఉంది, ఉడుమేదీ?’ అని అడిగాడు. ఇది పనికొచ్చే విమర్శ. రంగూ వివరమూ తీసేస్తే ఏం మిగిలిందో అది చూపింది.

నాలుగవ మాట ఇంకా లోతుకు వెళ్తుంది: ‘ఇది ఏం తింటుంది?’ వినడానికి వేళాకోళంలా ఉంది కదా. పొట్టేలుకు పైదవడ ముందు భాగంలో పళ్ళు ఉండవు, గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. అది గడ్డి మేసే నోరు. ఉడుము మాంసాహారి, చీలిన నాలుక బయటికి చాపి వాసన పడుతుంది. పొట్టేలు కళ్ళు తలకు రెండు పక్కలా, అడ్డంగా సాగిన కంటిపాపతో, ఎటునుంచి ఆపద వస్తుందో అని కాపు కాస్తాయి. ఉడుము కంటిపాప గుండ్రం. ఏ కళ్ళు పెట్టారు మీరు? ఎందుకు? కాళ్ళ సంగతీ అంతే. పొట్టేలు కాళ్ళు ఒంటి కింద నిటారుగా ఉంటాయి. ఉడుము కాళ్ళు పక్కలకు చాచి ఉంటాయి, నడుస్తుంటే ఒళ్ళు అటూ ఇటూ ఊగుతుంది. ఢీకొట్టడానికి తయారైన బరువు తలను ఆ పక్కలకు చాచిన కాళ్ళు మోయాలంటే భుజాలు ఎంత దిట్టంగా ఉండాలో లెక్కవేసుకోవాలి. అతుకు మెడ దగ్గర ఉందని మీరనుకున్నారు. నిజానికి అది భుజంలో ఉంది. ఒక్క ప్రశ్న ఇంత పని చేయించగలదు.

అలాగని విమర్శ అంతా కంప్యూటర్ కళాకారుల దగ్గరే దొరకదు. ఉన్ని ఉన్న దక్కని గొర్రెకూ ఉన్ని లేని నెల్లూరు గొర్రెకూ తేడా, పళ్ళు చూసి వయసు చెప్పడం, కొమ్ము మెలికను బట్టి పొట్టేలును గుర్తుపట్టడం గొల్లకురుమలకు తెలిసిన విద్య. ఫోన్‌లో మీ బొమ్మ చూపించి, ‘ఈ మెడ ఆ కొమ్ములను మోస్తదా?’ అని ఒక కాపరిని అడగండి. ఆ జవాబు ఏ ట్యుటోరియల్‌లోనూ ఉండదు. లియొనార్డో డావిన్చి కూడా ఊహాజంతువు నిజంలా ఉండాలంటే ప్రతి అవయవాన్నీ ఏదో ఒక నిజమైన జంతువు నుంచే తీసుకోమని చిత్రకారులకు సలహా ఇచ్చాడు. నిజమైన జంతువును ఎరిగినవాడే అది సరిగ్గా తీసుకున్నారా లేదా చెప్పగలడు.

కొన్ని సలహాలను తిరస్కరించడమూ నేర్చుకోవాలి. దూరదేశపు కళాకారుడొకరు మంచి మనసుతోనే, ‘రెక్కలు పెట్టు, కోరలు పెంచు, డ్రాగన్‌లా ఉంటుంది’ అంటారు. ఆయన చెప్పిన కొలతలన్నీ సరైనవే అయివుండవచ్చు. కానీ ఆయన కంటికి అలవాటైన రూపం వైపు మీ జీవిని లాగుతున్నారు. నాలుగు సలహాలు అలా ఒప్పుకుంటే మీ పొట్టేలు పోయి, సినిమా పోస్టర్ల మీద లెక్కలేనన్ని సార్లు చూసిన జంతువే మిగులుతుంది. ఒక సలహా మీ జీవిని దాని స్వభావానికి దగ్గర చేస్తోందా, మరో ప్రసిద్ధ జీవికి దగ్గర చేస్తోందా అన్నదే ఇక్కడ పరీక్ష. భుజం బలపరచమన్నది మొదటి రకం, రెక్కలు పెట్టమన్నది రెండవది. ‘ఇలాంటి జంతువు లోకంలో ఉండదు’ అనే అభ్యంతరానికి మాత్రం జవాబు చెప్పనక్కరలేదు. రామప్ప శిల్పికీ ఆ సంగతి తెలుసు.

చివరిగా ఒక చిన్న విషయం. సాఫ్ట్‌వేర్‌లో ఎడమవైపు చేసినది కుడివైపు దానంతటదే వచ్చే ఏర్పాటు ఉంటుంది. మొదట అది చాలా మేలు చేస్తుంది. పని ముగిసేముందు దాన్ని ఆపేయండి. మందలో ఢీకొట్టుకుని బతికిన పొట్టేలుకు ఒక కొమ్ము చివర విరిగి ఉండవచ్చు, ఒక చెవి చీలి ఉండవచ్చు.

అభ్యాసం: మీకు తెలిసిన రెండు జంతువులను కలిపి ఒక జీవిని కాగితం మీదగానీ, మట్టితోగానీ, కంప్యూటర్‌లోగానీ చేయండి. దాన్ని ఒక చిత్రకారుడికీ, ఆ జంతువులను పెంచిన లేదా దగ్గరగా చూసిన ఒకరికీ చూపండి. వారు అన్న మాటలను వారి మాటల్లోనే రాసుకోండి. వాటిలో ఒకదాన్ని అంగీకరించి, ఒకదాన్ని తిరస్కరించి, రెండింటికీ కారణాలు ఇరవై పంక్తులకు మించకుండా రాయండి.