తర్ఫీదు ఎవరికి? తప్పు ఎవరి పేరు మీద?

సుబేదారిలో పొద్దుగాల ఆర్ట్స్ కాలేజీ రోడ్డు ఊడ్చేటోళ్లలో ఎక్కువమంది ఏ వాడల నుంచి వస్తరో అందరికీ తెలుసు. పారిశుద్ధ్య శిక్షణల నివేదికల్లో మాత్రం వాళ్లు ఉత్త "పాల్గొన్నవారు". ఎంతమంది వచ్చిండ్రు, ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చినం, భోజనం బాగుందా? మూల్యాంకనం చాలావరకు అక్కడికే అయిపోతది.

1959లో అమెరికాలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ శిక్షణను నాలుగు మెట్లలో కొలవాలన్నాడు: నచ్చిందా, నేర్చుకున్నరా, పనిలో పాటిస్తున్నరా, చివరికి ఏం మారింది. మనోళ్లు మొదటి మెట్టు దిగరన్న విమర్శ పాతదే. నా పేచీ మూడో మెట్టుతోటి. పై అధికారి అడ్డం పడితే నేర్చింది పనిలోకి రాదని తర్వాత ఆయనే చెప్పిండు. ఆయన లెక్కలో కులం లేదు. మన లెక్కలోనన్నా ఉండాలె గద!

చేతితొడుగు వేసుకొమ్మని నేర్పుతరు. సైజుకు రాని తొడుగు ఇస్తే, చినిగినంక ఇంకోటి ఇయ్యకపోతే, ఫారంలో పడేది మాత్రం కార్మికురాలి "అలవాటు". మురుగు వాసన, గ్యాసు, పుండ్లు ఆమెకు తెలవక కాదు. తెలవాల్సింది కాంట్రాక్టరుకు. 2013 చట్టం సెక్షన్ 7 రక్షణ లేకుండా మనుషులను మురుగుకాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో దించడాన్ని నిషేధించింది. అదే ఏడాది నిబంధనలు 44 రకాల రక్షణ సామగ్రిని పేరుపేరునా చెప్పినయి. ఇవ్వాల్సినవాడు యజమాని. అవి ఇయ్యకుండా శిక్షణ ఒక్కటే ఇస్తే, ఆ హాజరు పట్టీ రేపు "చెప్పినం, వినలే" అనడానికి సాక్ష్యమైతది. 2014లో సుప్రీంకోర్టు మురుగు మరణానికి 10 లక్షల పరిహారమన్నది, 2023లో 30 లక్షలు చేసింది. ఏ తీర్పూ చనిపోయినవాడికి తర్ఫీదు చాలలేదని చెప్పలేదు.

ఒకటి ఒప్పుకోవాలె. 2016లో వరంగల్ నగరపాలక సంస్థ, హైదరాబాద్ అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ సాయంతో, మలవ్యర్థాల నిర్వహణకు నిబంధనలు తెచ్చింది. సెప్టిక్ ట్యాంకు బండ్ల వాళ్లకు తర్ఫీదుతో పాటు లైసెన్సు కూడా పెట్టింది. కూలివాణ్ణి ఒక్కణ్ణే కూసోబెట్టి పాఠం చెప్పడం కన్నా ఇది మేలు. లైసెన్సు పోతదన్న భయం బండి యజమానికి ఉంటది. కానీ పైపు పట్టుకునే హెల్పరుకు లైసెన్సు ఉండదు, నెలకో ఊరు. అతని మీద ఫలితం ఎట్ల కొలుస్తరు?

పునరావాస శిక్షణ ఇంకో ముచ్చట. చట్టం నెలకు కనీసం 3000 రూపాయల స్టైపెండ్‌తో వేరే పని నేర్పాలన్నది. కుట్టు నేర్పినం అంటరు. ఆమె కుట్టిన జాకెట్టు ఏ వీధిలో ఎవరు తొడుగుతరు? రెండేండ్లకు ఆమె చేతిలో మళ్లీ చీపురే ఉంటే, ఆ శిక్షణను "పూర్తయినవి" అనే గడిలో ఎట్ల వేస్తరు?

సుబేదారిలో చదువుకునే పిల్లలు ఈ లెక్క తీయొచ్చు. తొడుగు ఎన్నిరోజులకు మారింది, లోపలికి దిగనన్నప్పుడు కూలి కోసిండ్రా, చీపురు వదిలినోళ్లు ఎందరు? వాడకు పోయి అడగాలె. జవాను పక్కన నిలబడ్డప్పుడు నింపిన ఫారాలు మటుకు లెక్కలోకి తీసుకోవద్దు.