ముందు వరస మోజు

సినిమా హాల్లో నేల టికెట్ కన్నా బాల్కనీకి ఎక్కువ ఎందుకో మనకెవరూ చెప్పక్కర్లేదు. తెరకి దగ్గరైన కొద్దీ మెడ పట్టేస్తుంది. ఆ తెలివంతా ఫుట్‌బాల్ టికెట్ దగ్గరికొచ్చేసరికి ఏమైపోతుందో! "మామయ్యా, గోల్ వెనకాలే మొదటి వరస దొరికింది, అదీ చవగ్గా" అని మా మేనల్లుడు ఫోన్లో ఒకటే సంబరం. "అంత మంచి సీటైతే నీ దాకా ఎందుకు మిగిలిందిరా?" అన్నాను.

వాడు వెళ్లేది గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికి. అది అథ్లెటిక్స్ స్టేడియం, మైదానం చుట్టూ పరుగు ట్రాక్ ఉంటుంది. 400 మీటర్ల ట్రాక్ లోపలి అంచు ఈ కొస నుంచి ఆ కొసకి సుమారు 157 మీటర్లు. మధ్యలో ఫుట్‌బాల్ మైదానం పొడవు 105. అంటే ఒక్కో గోల్ వెనక 26 మీటర్లు ఖాళీ. ఆపైన ఎనిమిది లేన్లు, లేనుకి 1.22 మీటర్ల చొప్పున ఇంకో పది. మొదటి వరసలో కూర్చున్నా గోల్ 36 మీటర్ల అవతలే. ఇక అటు కొస గోల్ 141 మీటర్ల దూరం. అక్కడ ఏం జరిగినా స్కోర్‌బోర్డు చూసి చప్పట్లు కొట్టుకోవడమే. అదే పక్క స్టాండులో అయితే మైదానం పక్కగీతకీ ట్రాక్ బయటి అంచుకీ మధ్య పన్నెండు మీటర్లే.

ట్రాక్ లేని స్టేడియాల సంగతి వేరు. లివర్‌పూల్ వాళ్ల ఆన్‌ఫీల్డ్‌లో ‘కాప్’ స్టాండు గోల్ వెనకే. జర్మనీలో డోర్ట్‌మండ్ దక్షిణ స్టాండులో దాదాపు 25,000 మంది నిలబడే చూస్తారు. అక్కడికి వెళ్లేది ఆట చూడటానికన్నా గొంతు చించుకోవడానికి. తొంభై నిమిషాలూ పాడే ఓపిక ఉన్నవాడికి అదే స్వర్గం. పల్లీలు నములుతూ తీరిగ్గా చూసే నాబోటివాడు అక్కడ ఇరుక్కుంటే చుట్టుపక్కల వాళ్ల తిట్లు తినాలి.

నా ఓటు పక్క స్టాండుకే. అందులోనూ పైవరసలు, మధ్యగీతకీ కార్నర్ జెండాకీ నడుమ. 2024 నవంబర్ 18న ఇదే గచ్చిబౌలిలో భారత్, మలేసియా ఆడాయి. మొదటి సగంలో బంతి మన డిఫెండర్ల వెనక్కి పడింది. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు గోల్ వదిలేసి ముందుకు పరిగెత్తాడు. అతని వెనక ఖాళీ గోల్, బంతి మీదికొస్తున్న పావులో జోసువే, రెండూ పైనున్న మాకు ఒకేసారి కనబడ్డాయి. కొంప మునిగిందని అనుకునేలోపే బంతి వలలో ఉంది. కింది వరసల్లో ఆటగాళ్లు ఒకరికొకరు అడ్డొస్తారు. జట్టు ఎక్కడ విచ్చుకుంది, ఎక్కడ ముడుచుకుంది అన్నది అక్కణ్ణుంచి తెలియదు. (తర్వాత రాహుల్ భేకే కార్నర్‌ని తలతో కొట్టి 1-1 చేశాడు, అది వేరే విషయం.)

సాయంత్రం మ్యాచ్ అయితే ఇంకో సంగతీ చూసుకోవాలి. మైదానాలు ఎక్కువగా ఉత్తర దక్షిణాలుగా వేస్తారు. పడమటి స్టాండులో కూర్చుంటే ఎండ వీపున పడుతుంది. తూర్పున కూర్చుంటే మొదటి సగమంతా చెయ్యి నుదుటి మీదే.

మధ్యగీత ఎదుటి సీట్లకి ధర ఎప్పుడూ ఎక్కువే. దానికీ ఓ హద్దుండాలి. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ మెయిన్ స్టాండులో టికెట్ 77 పౌండ్లు చేస్తామంటే, అభిమానులు పదివేల మంది దాకా సరిగ్గా 77వ నిమిషంలో లేచి బయటికి నడిచారు. అప్పటికి జట్టు 2-0తో ముందుంది. మిగిలిన కాసేపట్లో ఎదుటి జట్టు సండర్‌లాండ్ రెండూ తిరిగి కొట్టేసింది. కొద్ది రోజులకే యజమానులు దిగొచ్చి ఆ ధర ఎత్తేశారు.

కలకత్తా సాల్ట్‌లేక్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తలపడితే మాత్రం నా లెక్కలేవీ చెల్లవు. 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో ఈ రెంటి ఆట చూడ్డానికి 1,31,781 మంది వచ్చారు. అక్కడ ముందు తెలుసుకోవాల్సింది ఏ గ్యాలరీ ఎవరిదన్నదే.

టికెట్లు అమ్మేవాళ్లకి ఒక మనవి. తెర మీద మీరు చూపించేది బ్లాకు పేరు, రంగు, ధర. వాటితో పాటు పడమర ఎటో ఒక బాణం గుర్తు వేయండి. ఏ బ్లాకు నుంచి మైదానం ఎలా కనబడుతుందో ఒక ఫొటో పెట్టండి. టికెట్ మీద సీటు నంబరు వేసి, గేటు దాటాక ఆ సీటులోనే కూర్చోనివ్వండి.