కాకతాళీయానికి అర్థం: యుంగ్ చదివిన చైనా

కాకి వాలడం, తాటిపండు రాలడం - ఈ రెండింటికీ సంబంధం లేదని చూపడానికే భారతీయ శాస్త్రకారులు కాకతాళీయ న్యాయాన్ని వాడారు. స్విట్జర్లండ్ మనోవైజ్ఞానికుడు కార్ల్ యుంగ్ అటువంటి ఘటనల నడుమ కారణం లేకున్నా అర్థం ఉండవచ్చునన్నాడు. 1952లో భౌతికశాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ పౌలీ వ్యాసంతో కలిపి వెలువరించిన గ్రంథంలో ఈ 'సింక్రానిసిటీ'ని సిద్ధాంతంగా విస్తరించాడు. దాని బీజం చైనాది. 'యీ చింగ్' ప్రశ్నశాస్త్రానికి ఆధారం కార్యకారణత కాదని 1930లోనే, అనువాదకుడు రిచర్డ్ విల్హెల్మ్ సంస్మరణ ప్రసంగంలో ఆయన ప్రకటించాడు.

ఈ రుణం యథార్థమే. కాని అది దాదాపు ఒకే ద్వారం గుండా వచ్చింది. 1929లో యుంగ్ వ్యాఖ్యతో వెలువడిన 'స్వర్ణపుష్ప రహస్యం'లో విల్హెల్మ్ 'హున్', 'పో' అనే చైనీయ ఆత్మభేదాలను 'అనిముస్', 'అనిమా' అన్నాడు. అప్పటికే అవి యుంగ్ పారిభాషిక పదాలు. హున్ విషయంలో యుంగ్ విభేదించి 'లోగోస్' అన్న మాటను సూచించాడు గాని, పో మాత్రం అనిమాగానే నిలిచింది. మూలం తన మనోవిజ్ఞానాన్ని బలపరుస్తున్నదని ఆయన సంతోషించిన చోట మూలమే ఆయన పదజాలాన్ని ధరించి ఉన్నది! ఆ గ్రంథం బోధించే 'జిగువాన్' బౌద్ధుల శమథ-విపశ్యనలే. యుంగ్ దృష్టి మాత్రం ఆ సాధనక్రమం మీదకంటే తన రోగులు గీసిన మండలాల మీదనే ఎక్కువగా నిలిచింది.

అసలు చిక్కు 'కారణరహితం' అన్న విశేషణంలో ఉంది. క్రీ.పూ. 2వ శతాబ్దపు 'హువాయ్‌నాన్‌జీ' ఒక తీగను మీటితే అదే శ్రుతిలోని మరో తీగ పలకడాన్ని ఉదాహరిస్తుంది. 'గన్‌యింగ్' అనే ఈ స్పందన-ప్రతిస్పందన ఒకే జాతి వస్తువుల మధ్య 'చీ' ద్వారా జరిగే వ్యవహారం. అది కారణరాహిత్యం కాదు. కార్యకారణతను యాంత్రిక భౌతికశాస్త్రపు పరిధికి కుదించినవారికే దానికి వెలుపల మరో సూత్రం అవసరమవుతుంది. ఆ అవసరం ఐరోపాది.

యుంగ్ నిజాయితీని శంకించనక్కరలేదు. 'యీ చింగ్' ఆంగ్లానువాదానికి 1949లో పీఠిక రాస్తూ ఆయన నాణేలు వేసి ఆ గ్రంథాన్నే ప్రశ్నించాడు. యాభైయవ చిహ్నం 'దింగ్', యజ్ఞపాత్ర, వచ్చింది. వెలుపల నిలిచి తీర్పు చెప్పక గ్రంథంతో సంభాషించిన ఆ పుటలు ఆయన రచనల్లో మిక్కిలి ఆకర్షణీయమైనవి.

అయితే సింక్రానిసిటీని ప్రతీత్యసముత్పాదానికి ఆధునిక నామంగా చూపే ధోరణి అంగీకారయోగ్యం కాదు. నాగార్జునుడు మూలమధ్యమకకారిక ఆరంభంలోనే ఉత్పత్తిని నాలుగు విధాలా నిరాకరించాడు: తన నుంచి, పరం నుంచి, ఉభయం నుంచి, హేతువు లేకుండా. ఆ రెండు పదాలను పర్యాయాలుగా వాడే అనువాదకుడు నాగార్జునుడు తోసిపుచ్చిన నాలుగవ పక్షాన్నే బౌద్ధానికి అంటగడుతున్నాడు.