రంజాన్ హిసాబు

రంజాన్ సగానికి వచ్చిందంటే మా పేటలో కిరాణా కొట్టు భాయ్ తరావీహ్ నమాజు ముగించుకొచ్చి, షట్టర్ సగం దించి లోపల కూర్చుంటాడు. బియ్యం బస్తాలెన్ని, నూనె డబ్బాలెన్ని, ఖాతాదారుల నుంచి రావలసిన బాకీ ఎంత, టోకు వ్యాపారికి తాను కట్టవలసింది ఎంత అని ఒక్కొక్కటే రాసుకుంటాడు. ఆదాయపు పన్ను కోసం కూడా ఇంత శ్రద్ధగా లెక్క చూడడని కొట్టులో కుర్రాడు నవ్వుతుంటాడు. ఆ లెక్క జకాత్ కోసం, అంటే ఏటా తన సొమ్ములోంచి పేదలకు విధిగా ఇవ్వవలసిన వాటా కోసం.

రంజాన్ అనగానే బయటివాళ్లకు హలీమ్, చార్మినార్ దగ్గర రాత్రి బజారు, పేపర్లో ఇఫ్తార్ విందుల ఫొటోలు గుర్తొస్తాయి. లోపలివాళ్లలోనూ కొందరికి అంతే. నన్నడిగితే ఈ నెలకు ఆయువుపట్టు హిసాబు, అంటే లెక్క. మనం రోజూ వాడే హక్కు, బాకీ, జమా అనే మాటలు అరబ్బీ నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయినవి. కలవారి సొమ్ములో అడిగేవాడికీ, అడగలేక ఉండిపోయినవాడికీ వాటా ఉందని చెప్పేచోట ఖురాన్ వాడిన మాట ఆ హక్కే. హక్కు అన్నాక ఇచ్చేవాడి గొప్ప ఏముంది? బాకీ తీర్చినవాడికి ఎవరైనా దండ వేస్తారా?

లెక్క వినడానికి తేలిక. ఖర్చులు పోను మిగిలి, ఏడాది పాటు చేతిలో ఉన్న సొమ్ములో నలభయ్యో వంతు, అంటే నూటికి రెండున్నర. ఉంటున్న ఇల్లు, తిరిగే బండి, వంటసామాను, పనిముట్లు లెక్కలోకి రావు. దర్జీ కుట్టు మిషను మీద జకాత్ లేదు. అమ్మకానికి పెట్టిన బట్టల తానుల మీద ఉంది, అదీ కొన్న ధరకు కాదు, ఇవాళ అమ్మితే వచ్చే ధరకు. కొట్టులో 6 లక్షల సరుకు, చేతిలోనూ బ్యాంకులోనూ కలిపి లక్షన్నర, వసూలవుతుందని నమ్మకమున్న బాకీలు 50 వేలు, తాను కట్టవలసిన అప్పు లక్ష అనుకోండి. నికరం 7 లక్షలు. జకాత్ 17,500 రూపాయలు.

చిక్కంతా బంగారం దగ్గర. జకాత్ కట్టవలసిన కనీస ఆస్తిని నిసాబ్ అంటారు. 20 దీనార్ల బంగారం గానీ 200 దిర్హముల వెండి గానీ అని హద్దు పెట్టారు. దాన్ని మన ఉలేమాలు, అంటే ధర్మపండితులు, ఏడున్నర తులాల బంగారం, యాభై రెండున్నర తులాల వెండిగా లెక్కగట్టారు. అయితే అది పాత తులం, 11.664 గ్రాములది. ఆ లెక్కన బంగారం 87.48 గ్రాములు, వెండి 612.36 గ్రాములు. ఇవాళ మన నగల దుకాణంలో తులమంటే పది గ్రాములే. అందుకని ‘నా దగ్గర ఎనిమిది తులాలుంది, ఏడున్నర దాటింది’ అనుకునే ఇల్లాలి దగ్గర నిజానికి ఉన్నది 80 గ్రాములు, నిసాబ్‌కు తక్కువే. హమ్మయ్య అనుకోనక్కర్లేదు. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో బంగారంతో పాటు కాస్త వెండో, దాచుకున్న నగదో ఉంటే అన్నీ కలిపి వెండి నిసాబ్ విలువతో పోల్చాలి. ప్రవక్త కాలంలో ఈ రెండు హద్దుల విలువా దాదాపు ఒకటే. తర్వాత వెండి బాగా చవకైపోయింది. ఎనిమిది తులాల ఇల్లాలి దగ్గర కాస్త నగదున్నా ఆ హద్దును ఎప్పుడో దాటేసినట్టే. ఆ జకాత్ ఆమెదే, భర్తది కాదు. ఎవరి ఆస్తికి వారే లెక్క చెప్పాలి. అదే హైదరాబాద్ బార్కాస్‌లో, యెమెన్ మూలాలున్న అరబ్బులు పాటించే షాఫయీ పద్ధతిలో, ఒంటిమీద మామూలుగా వేసుకునే నగకు జకాత్ లేదు. ఒకే ఊళ్లో రెండు పేటలకు రెండు లెక్కలు!

జకాత్ రంజాన్‌లోనే కట్టాలన్న నియమం లేదు. సొమ్ము నిసాబ్ చేరిన రోజు నుంచి ఒక చాంద్రమాన సంవత్సరం గడిస్తే చెల్లించాలి. రంజాన్‌లో చేసిన మంచికి పుణ్యం ఎక్కువన్న నమ్మకంతో చాలామంది ఈ నెలను గడువుగా పెట్టుకున్నారు. మార్చి 31న చూసుకుంటామనేవాళ్లు ఒకటి గమనించాలి. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే. ఇంగ్లీషు క్యాలెండర్‌ను పట్టుకుంటే దాదాపు 33 ఏళ్లకు ఒక ఏడాది జకాత్ ఎగ్గొట్టినట్టవుతుంది.

ఎవరికివ్వాలో ఖురాన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. పేదలు, నిరుపేదలు, అప్పుల్లో మునిగినవారు, దారిలో చిక్కుకుపోయిన బాటసారులు అందులో ఉన్నారు. తల్లిదండ్రులకు, పిల్లలకు ఇవ్వకూడదు. హనఫీ పద్ధతిలో భార్యాభర్తలు కూడా ఒకరికొకరు ఇచ్చుకోకూడదు. ఇంటివాళ్లను పోషించడం ఎలాగూ బాధ్యతే. అవసరంలో ఉన్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, మేనత్తకు, పినతండ్రికి ఇవ్వొచ్చు. పైగా రెండు పుణ్యాలు, దానానిది ఒకటి, బంధుత్వం నిలిపినందుకు ఒకటి. హనఫీ పద్ధతిలో సొమ్ము పేదవాడి సొంతం కావాలి, అందుకే జకాత్‌తో మసీదు కట్టకూడదు. పనిమనిషి జీతంలో చెల్లువేసుకోకూడదు. ‘నువ్వు నాకివ్వాల్సిన అప్పు మాఫీ, అదే నా జకాత్’ అన్నా చెల్లదు. ముందు డబ్బు అతని చేతిలో పెట్టాలి. అప్పు తీరుస్తాడో బియ్యం కొంటాడో అతని ఇష్టం.

నాకు బాగా నచ్చిన నియమం ఇంకొకటి ఉంది. ఇచ్చేవాడి మనసులో ఇది జకాత్ అన్న సంకల్పం ఉంటే చాలు, పుచ్చుకునేవాడికి చెప్పనక్కర్లేదు. పండక్కి ఈదీ అనో, పిల్లల పుస్తకాలకనో చెప్పి చేతిలో పెట్టొచ్చు. పరువుగా బతికిన మనిషి తలెత్తుకునే పుచ్చుకుంటాడు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రవక్త హదీసుకు ఇంతకంటే చక్కని ఆచరణ ఏముంటుంది? మరి ఐదు కిలోల బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్టు సంచిలో వేసి, ఆ సంచిని నలుగురూ పట్టుకుని, మధ్యలో తలవంచుకున్న వితంతువును నిలబెట్టి తీసే ఫొటోలను ఏమనాలి? ఇచ్చి ఎత్తిపొడిస్తే దానం వమ్మవుతుందని ఖురాన్ హెచ్చరించింది. ఫొటో కూడా ఒక రకం ఎత్తిపొడుపే. వందమందికి తలా వంద పంచి చేతులు దులుపుకోవడం కన్నా, ఒక్కరికి తోపుడు బండి కొనివ్వడం మేలని నా అభిప్రాయం. వచ్చే రంజాన్‌కు పుచ్చుకునేవాళ్ల వరుసలో ఒక మనిషి తగ్గుతాడు.

విశ్వాసంతోనూ ‘ఎహ్తెసాబ్’తోనూ రోజా (ఉపవాసం) ఉన్నవాడి పాత పాపాలు మన్నించబడతాయని హదీసు. ప్రతిఫలం దేవుడి దగ్గరే ఆశించడం అని ఆ మాటకు అర్థం, తన్ను తాను లెక్క అడగడమన్న అర్థంలోనూ వాడతారు. హిసాబుకూ దానికీ ధాతువు ఒకటే. సొమ్ముది కాని, మనసుది అయిన ఈ రెండో లెక్కకు చోటు ఏతెకాఫ్. 20వ రోజా నాడు సూర్యాస్తమయానికి ముందే మసీదులో చేరి, ఓ మూల దుప్పటి తెర కట్టుకుని, పండగ నెలవంక కనిపించేదాకా అక్కడే ఉంటారు. పేటలో ఒక్కరు కూర్చున్నా అందరి తరఫునా చెల్లుతుంది, ఎవరూ కూర్చోకపోతే తప్పు అందరిదీ. వెయ్యి నెలలకన్నా మేలైన రాత్రి షబ్-ఎ-ఖద్ర్‌ను ఈ చివరి పది రోజుల బేసి రాత్రుల్లో వెతుకుతారు. తెర వెనక మనిషికి ఫోను లేకపోతే ఇంకా మంచిది. కొట్టు మూసి కూర్చున్నవాడికి గుర్తొచ్చే బాకీలు డబ్బువే కావు. మాట్లాడటం మానేసిన తమ్ముడు, తూకంలో కొట్టిన నూరు గ్రాములు, కోపంలో అన్న మాట వరసగా కళ్లముందుకొస్తాయి. వాటికి నూటికి రెండున్నర చాలదు.

చివరి లెక్క ఫిత్రా. రోజాలో దొర్లిన పొల్లుమాటలను కడగడానికి, పండగ నాడు పేదింట్లోనూ పొయ్యి వెలగడానికి పెట్టిన దానం ఇది. పండగ తెల్లవారకముందే పుట్టిన పసికందు తరఫునా తండ్రి ఇవ్వాలి. ఏటా ఉలేమాలు గోధుమ ధర చూసి తలకింత అని ప్రకటిస్తారు. అందరూ ఆ చిన్న మొత్తమే ఇచ్చి ఊరుకుంటారు. ఖర్జూరం, ఎండుద్రాక్ష లెక్కనా ఫిత్రా ఉంది, అది గోధుమ లెక్కకు ఎన్నో రెట్లు. ఇంట్లో షీర్ ఖుర్మాకు కిలోల కొద్దీ జీడిపప్పు కొనేవాళ్లు గోధుమ దగ్గర ఎందుకు ఆగాలి? నాలుగు రోజుల ముందే ఇవ్వండి, అవతలి ఇంట్లోనూ సేమ్యా, పాలు కొనుక్కునే వ్యవధి ఉంటుంది. ఈద్గాకు బయల్దేరేలోపు అందితేనే అది ఫిత్రా. నమాజు దాటాక ఇచ్చింది మామూలు సదఖాల్లో, అంటే దానాల్లో, ఒకటని హదీసు.